నెట్టింటి ప్రశ్నలు: టేబుళ్ల కాలం నుంచి ఫోన్ తెర దాకా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాత వెబ్‌సైట్ల గురించే ఉన్నాయి. ఒకరికి పాత సైటు తెరుచుకోదు, ఒకరికి తెరుచుకున్నా అక్షరాలు కనిపించవు, ఇంకొకరికి అన్నీ బాగానే ఉన్నా దాన్ని పారేసి కొత్తది చేయించుకోమని ఎవరో చెప్పారు. అందుకే ఈ సంచికలో వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా ల్యాబ్ సిలబస్‌లో ఇప్పటికీ టేబుల్స్‌తో వెబ్ పేజీ డిజైన్ చేయమని ఉంది. బయట కోచింగ్‌లోనేమో టేబుల్స్ అంటేనే నవ్వుతున్నారు. అప్పట్లో వాటిని ఎందుకు వాడారు? ఇప్పుడు నేర్చుకోవడం దండగేనా?
– డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. టేబుల్స్‌తో పేజీలు కట్టినవాళ్లు తెలియక కట్టలేదు, వేరే దారి లేక కట్టారు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనా కేంద్రంలో వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న సమస్య అందం కాదు. ఒక్కో కంప్యూటర్లో ఒక్కో తీరుగా పడి ఉన్న సమాచారాన్ని అక్కడి శాస్త్రవేత్తలందరూ చదువుకోగలగాలి, అంతే. అందుకే వెబ్ పేజీలు రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌లో ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని చెప్పే ఏర్పాటు ఉంది గానీ, ఇది ఎడమ పక్కన ఉండాలి, అది కుడి పక్కన ఉండాలి అని చెప్పే ఏర్పాటు మొదట్లో లేదు.

1993 ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది. అదే ఏడాది మొజాయిక్ బ్రౌజర్ వచ్చి, అక్షరాల పక్కనే బొమ్మలు చూడడం జనానికి అలవాటు చేసింది. దాంతో కంపెనీలు, పత్రికలు వెబ్ మీదకు వచ్చాయి, వాళ్లకేమో అచ్చు పేజీలా కాలమ్స్ కావాలి, లోగో పైన ఉండాలి, మెనూ పక్కన ఉండాలి, కానీ డిజైనర్ చేతిలో ఉన్నది అంకెల పట్టికలు వేసుకోవడానికి ఇచ్చిన టేబుల్ ట్యాగ్ ఒక్కటే. గీతల మందం సున్నా చేస్తే పట్టిక కంటికి కనిపించదు, గళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. ఫొటోషాప్‌లో పేజీ మొత్తం బొమ్మగా గీసి, దాన్ని ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను ఒక్కో గడిలో పెట్టేవారు. గడి కుంచించుకుపోకుండా ఒక పిక్సెల్ వెడల్పున్న పారదర్శక జిఫ్ బొమ్మను సాగదీసి అందులో కూరేవారు. టేబుల్ లోపల టేబుల్, దాని లోపల ఇంకో టేబుల్. ఆ కోడ్‌లో ఒక మూసే ట్యాగ్ మరిచిపోతే పేజీ మొత్తం చెదిరిపోయేది.

దీనికి చూసేవాళ్లు కట్టిన మూల్యం కూడా చిన్నది కాదు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. ఆ తర్వాత వచ్చిన 56 కేబీపీఎస్ మోడెం పూర్తి వేగంతో పనిచేసినా సెకనుకు 7 కిలోబైట్లు దాటదు, అంటే 70 కిలోబైట్ల బొమ్మకు పది సెకన్లు. పైగా అప్పటి బ్రౌజర్లు టేబుల్ మొత్తం అందితేనే గళ్ల కొలతలు లెక్కగట్టి చూపించేవి కాబట్టి, పేజీ అంతా ఒకే పెద్ద టేబుల్‌లో పెడితే అప్పటిదాకా ఖాళీ తెర చూస్తూ కూర్చోవాల్సిందే, మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

రూపాన్ని విషయం నుంచి విడదీయాలన్న ఆలోచన అప్పటికే ఉంది. పేజీ రంగులు, కొలతలు, అమరికలను విడిగా రాసుకునే సీఎస్ఎస్ అనే భాషను హోకన్ వియుమ్ లీ 1994లో ప్రతిపాదించారు, 1996 డిసెంబరులో అది ప్రమాణంగా వచ్చింది. కానీ బ్రౌజర్లు దాన్ని ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు అమలు చేశాయి. 2001లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది, దాని తర్వాతి వెర్షన్ 2006 దాకా రాలేదు, ఆ ఐదేళ్లూ డిజైనర్లు ఒకటే పేజీని రెండు మూడు రకాలుగా రాసుకున్నారు. మధ్యలో 2003లో డేవ్ షే అనే డిజైనర్ సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అని ఒక సైటు పెట్టి, హెచ్‌టీఎంఎల్ ఒక్క అక్షరం మార్చకుండా సీఎస్ఎస్ ఫైలు మాత్రం మార్చితే పేజీ రూపం మొత్తం ఎలా మారిపోతుందో చూపించాడు. దాన్ని చూసి ఎంతోమంది టేబుల్స్ వదిలేశారు. అయినా సరిగ్గా అడ్డం నిలువు గళ్లలో పేజీని అమర్చే పద్ధతి, అంటే సీఎస్ఎస్ గ్రిడ్, పెద్ద బ్రౌజర్లలో 2017లో గానీ రాలేదు. టేబుల్స్‌తో తంటాలు పడి చేసిన పనికి అసలైన పనిముట్టు రావడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట.

కాబట్టి టేబుల్ నేర్చుకోండి, దాని పనికే వాడండి. మార్కుల జాబితా, బస్సుల టైమింగ్స్ లాంటివి టేబుల్‌లోనే ఉండాలి. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ ఇది ఏ వరస, ఏ నిలువు అని చదివి చెప్పేది దాన్ని చూసే. ఉద్యోగంలో చేరాక ఈమెయిల్ డిజైన్ చేయాల్సి వస్తే కూడా ఇది అక్కరకొస్తుంది, ఎందుకంటే విండోస్‌లోని పాత అవుట్‌లుక్ 2007 నుంచి మెయిల్‌ను వర్డ్ సాఫ్ట్‌వేర్‌తో చూపిస్తుంది, అక్కడ గ్రిడ్ పనిచేయదు.

ప్రశ్న: కొందరు మిత్రులం కలిసి 2002లో ఒక చిన్న సాహిత్య పత్రికను ఇంటర్నెట్‌లో పెట్టాం. కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. పేజీలన్నీ సీడీలో దాచాను. మొన్న మనవడి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు బదులు ఏవో పిచ్చి గీతలు వస్తున్నాయి. మా రచనలు పోయినట్టేనా?
– రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయులు, తెనాలి

పోలేదు మాస్టారూ, కంగారు పడకండి. మీకు పిచ్చి గీతల్లా కనిపిస్తున్నవే మీ రచనలు. వాటికి తొడగాల్సిన ఫాంటు ఆ ల్యాప్‌టాప్‌లో లేదు, అంతే.

ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే కారణం తెలిస్తేనే బాగుచేసుకునే దారి తెలుస్తుంది. అప్పటి ఫాంట్లలో ఉన్నవి 256 స్థానాలు. ఇంగ్లీషుకు, యూరప్ భాషలకు అవి చాలు. మనకు అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపితే వేల రూపాలు. అందుకని ఫాంటు తయారుచేసినవాళ్లు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక స్థానంలో, ఎత్వం ఒక స్థానంలో, ఒత్తులు వేరే స్థానాల్లో పెట్టి, వాటిని పక్కపక్కన పేర్చి కంటికి తెలుగులా కనిపించేట్టు చేశారు. కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగని తెలియదు. దాని దృష్టిలో అవి టోపీలు పెట్టిన యూరప్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు, పౌండు గుర్తులు. ఫాంటు తీసేస్తే బయటపడేవి అవే.

ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే ఎవరి ఫాంటు వాళ్లది. ఒక ఫాంటులో 'క' ఉన్న చోట ఇంకో ఫాంటులో 'మ' ఉండొచ్చు. తెలుగు దినపత్రికల సైట్లు కూడా అప్పట్లో అలాగే ఉండేవి, ఏ పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటు దించుకోవాలి. ఆ బాధ తప్పించడానికి డైనమిక్ ఫాంట్లు వచ్చాయి, పేజీతో పాటే ఫాంటు కూడా దిగేది, కానీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది ఒక రకం ఫైలు, నెట్‌స్కేప్‌ది ఇంకో రకం. ఒక బ్రౌజర్లో చక్కగా కనిపించిన కథ ఇంకో బ్రౌజర్లో గజిబిజి. సెర్చ్‌లో పేరు కొడితే దొరకదు, కాపీ చేసి మెయిల్‌లో పెడితే చదవరాదు. పాతికేళ్ల కిందటి తెలుగు వెబ్‌లో ఎంత మంచి రాత రాశారో ఇప్పుడు వెతికితే దొరక్కపోవడానికి ఇదొక ముఖ్య కారణం, నాకు నిజంగా బాధ కలిగించే విషయం కూడా.

ప్రపంచ భాషల అక్షరాలకు ఎక్కడైనా ఒకే స్థానం ఉండేలా చేసిన ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లోనే 128 స్థానాల విభాగం కేటాయించారు. అక్కడ 'క' అంటే ఎవరి కంప్యూటర్లోనైనా 'క' మాత్రమే, ఏ ఫాంటులో చూసినా అదే. కానీ దాన్ని సరిగ్గా చూపించడం కంప్యూటర్లకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది, అదీ కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్లి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, అదనపు ఫైళ్లు వేసుకుంటేనే ఒత్తులు కుదురుగా కూర్చునేవి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు ఆ రోజుల్లో చాలామందికి ఆధారం. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని మొదలుపెట్టిన వెన్న నాగార్జున గారే పద్మ అనే ఉపకరణం చేశారు, ఫైర్‌ఫాక్స్‌లో వేసుకుంటే పత్రికల సొంత ఫాంట్ల రాతను అప్పటికప్పుడు యూనికోడ్‌గా మార్చి చూపించేది. ఆ తర్వాత వీవెన్ గారి లేఖిని వచ్చాక, ఇంగ్లీషు కీబోర్డు మీదే తెలుగు రాయడం జనానికి తేలికైంది.

ఇప్పుడు మీ సీడీ సంగతి. ముందు దాన్ని రెండు చోట్ల కాపీ చేయించండి, పాత సీడీలు ఎప్పుడు మొరాయిస్తాయో చెప్పలేం. ఆ ఫైళ్లను వర్డ్‌లో తెరిచి సేవ్ చేయకండి, అసలు కోడ్‌లో మార్పులు జరిగిపోతాయి. మీ మనవడితో ఒక పేజీని నోట్‌ప్యాడ్‌లో తెరిపించి, ఫాంట్ ఫేస్ అన్న మాట పక్కన ఏ పేరు ఉందో చూడమనండి, అదే మీ పేజీల తాళంచెవి. ఆ పేరు పెట్టి యూనికోడ్ కన్వర్టర్ కోసం వెతకండి, బాగా వాడకంలో ఉన్న ఫాంట్లకు దొరుకుతాయి. దొరకకపోతే ఫాంటు ఫైలు సంపాదించి ఏ స్థానంలో ఏ ముక్క ఉందో పట్టిక రాసుకుంటే, ప్రోగ్రామింగ్ వచ్చిన కుర్రాళ్లెవరైనా మార్చే స్క్రిప్టు రాయగలరు. అతనికి ఒక్క సంగతి ముందే చెప్పండి, క్రావడి లాంటివి కొన్ని ఫాంట్లలో అక్షరానికి ముందు ఉంటాయి, యూనికోడ్‌లో తర్వాత రావాలి.

మార్చాక ప్రూఫు మాత్రం మీరే చూడాలి. ఒత్తులు తారుమారవుతాయి, ఱ కాస్తా ర అవుతుంది, పద్యాల్లో అరసున్నలు ఎగిరిపోతాయి. ఆ తప్పులు పట్టడం మీకు చేతనైనంతగా మీ మనవడికి చేతకాదు.

ప్రశ్న: మా తెలుగు సంఘం సైట్లో 2004లో ఉగాది కోసం చేసిన యానిమేషన్ ఉంది. కోయిల కూత, మావిడాకుల తోరణం, కింద తెలుగులో శుభాకాంక్షలు. ఇప్పుడు ఆ చోట ఖాళీ డబ్బా వస్తోంది. పిల్లలకు చూపించాలని ఆశ.
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

అది ఫ్లాష్. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ పేరుతో వచ్చి, మాక్రోమీడియా చేతికి, అక్కణ్నుంచి 2005లో అడోబీ చేతికి వెళ్లింది. ఆ రోజుల్లో ఏ సైటు తెరిచినా ముందు ఒక యానిమేషన్, మూలన స్కిప్ ఇంట్రో అనే బటన్. తెలుగువాళ్లు దాన్ని ఇష్టపడడానికి ఇంకో కారణం ఉంది, ఫ్లాష్ ఫైలు లోపల అక్షరాల ఆకారాలు పొదిగిపెట్టొచ్చు కాబట్టి చూసేవాళ్ల దగ్గర ఫాంటు లేకపోయినా తెలుగు చక్కగా కనిపించేది. యూట్యూబ్ కూడా 2005లో ఫ్లాష్ మీదే మొదలైంది.

ఐఫోన్ దాన్ని మొదటి నుంచీ రానివ్వలేదు. బ్యాటరీ తినేయడం, భద్రతా లోపాలు, వేలితో తాకే తెరకు పనికిరాకపోవడం కారణాలుగా చూపుతూ స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో బహిరంగ లేఖ రాశాడు. ఈలోగా వీడియో, యానిమేషన్ చూపించడం బ్రౌజర్లే నేర్చుకున్నాయి. 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆ ఫైళ్లను ఆడించడం మానేసింది.

మీ సర్వర్లో ఆ ఫ్లాష్ ఫైలు (పేరు చివర ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ఉంటుంది) ఇంకా ఉంటే చింత లేదు. రఫుల్ అని ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఉంది, దాన్ని మీ సైట్లో చేర్చితే పాత ప్లేయర్ లేకుండానే చాలా ఫ్లాష్ ఫైళ్లు ఆడతాయి. 2004 నాటి సాదా యానిమేషన్ అయితే ఆడే అవకాశం బాగా ఎక్కువ. ఆడగానే స్క్రీన్ రికార్డు చేసి వీడియోగా కూడా దాచుకోండి. శుభాకాంక్షల పాఠాన్ని మాత్రం పేజీలో మామూలు తెలుగు అక్షరాల్లో మళ్లీ టైపు చేయండి, ఎందుకంటే ఫ్లాష్ లోపలున్న ఆ తెలుగు ఆకారాలను సెర్చ్ ఇంజన్ చదవలేదు.

ప్రశ్న: మా ఆఫీసు సైట్లో పైన పరుగెత్తే అక్షరాలు, 'న్యూ' అని మెరిసే బొమ్మ, కింద విజిటర్ కౌంటర్ ఉన్నాయి. కొత్తగా వచ్చిన మేడమ్ తీసేయమంటున్నారు. జనం అలవాటుపడ్డారు కదా, ఉంచితే తప్పేంటి?
– ప్రభుత్వ ఉద్యోగి, వరంగల్

మేడమ్ చెప్పిందే సరైనది. పరుగెత్తే అక్షరాల కోసం వాడే మార్క్వీ ట్యాగ్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చింది, మెరిసే బ్లింక్ ట్యాగ్ నెట్‌స్కేప్ తెచ్చింది. బ్లింక్ పూర్తిగా పోయింది, మార్క్వీని హెచ్‌టీఎంఎల్ ప్రమాణం వద్దన్నా బ్రౌజర్లు ఇంకా చూపిస్తున్నాయి కాబట్టి మన సైట్లలో బతికే ఉంది. పింఛను తేదీ ఎప్పుడో తెలుసుకోవడానికి వచ్చిన పెద్దాయన ఆ వాక్యం మళ్లీ తిరిగి వచ్చేదాకా కాచుకోవాలా చెప్పండి? ఐదు సెకన్లకు మించి కదిలేది ఏదైనా ఆపుకునే వీలు ఉండాలని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ వార్తల్నే తేదీలు వేసి, కొత్తవి పైన ఉండేట్టు మామూలు జాబితాగా పెట్టండి. కౌంటర్ తీసేయండి, దానివల్ల వచ్చినవాళ్లకు ఉపయోగం ఏమీ లేదు.

ప్రశ్న: మాది ఇక్కత్ చీరల షాపు. పదేళ్ల కిందట చేయించిన సైటు ఉంది, ఫోన్లో చాలా స్లో. డెవలపర్‌ని అడిగితే అది పాత పీహెచ్‌పీ, మొత్తం పారేసి రియాక్ట్‌లో చేయించుకోండి అని పెద్ద మొత్తమే చెప్పాడు. ఏం చేయమంటారు?
– ఒక వ్యాపారి, పోచంపల్లి

డబ్బు తీయకండి, ముందు సైటు ఎందుకు స్లోగా ఉందో చూడండి. నా అనుమానం ఫొటోల మీద. ఫోన్ కెమెరాతో తీసిన చీర ఫొటో 4 ఎంబీ ఉంటుంది, దాన్ని అలాగే ఎక్కించి ఒక పేజీలో 30 చీరలు పెడితే 120 ఎంబీ. అదే ఫొటోను 1200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో దాచితే 150 కిలోబైట్ల చుట్టుపక్కల వస్తుంది, ముప్ఫై కలిపినా 5 ఎంబీ లోపే. అంచు, కొంగు దగ్గర నేత స్పష్టంగా కనిపించాలనుకుంటే పెద్ద ఫొటో వేరుగా పెట్టి, నొక్కినవాళ్లకే తెరుచుకునేట్టు చేయించండి. తెర మీదకు వచ్చినప్పుడే బొమ్మ దిగే లేజీ లోడింగ్‌కు ఇప్పుడు ఒక్క మాట కోడ్‌లో చేర్చితే చాలు.

రెండోది ఫోన్ తెర. ఐఫోన్ 2007లో వచ్చినప్పుడు సైట్లన్నీ పెద్ద మానిటర్ల కోసం చేసినవే, అందుకే అది పేజీ వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని కుదించి చూపించేది. తర్వాత కంపెనీలు ఫోన్ల కోసం వేరే సైటు పెట్టుకున్నాయి, అంటే ప్రతి ధరా రెండు చోట్ల మార్చాలి. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్, తెర వెడల్పును బట్టి ఒకే పేజీ తనంతట తాను సర్దుకునే పద్ధతిని రెస్పాన్సివ్ డిజైన్ అన్న పేరుతో వివరించాడు. 2015 ఏప్రిల్‌లో గూగుల్ ఫోన్లో సెర్చ్ చేసినప్పుడు ఫోన్‌కు అనువైన పేజీలకు ప్రాధాన్యం ఇస్తామనేసరికి అందరూ ఆ దారి పట్టారు. మీ సైటును ఇలా మార్చడానికి సీఎస్ఎస్ ఫైలు మారిస్తే సరిపోవచ్చు, సర్వర్లో పేజీలను తయారుచేసే భాష అయిన పీహెచ్‌పీని ముట్టుకోనక్కర్లేదు. పీహెచ్‌పీ పాతబడిందన్న మాట కూడా నిజం కాదు, 1995లో పుట్టినా ఏటా కొత్త వెర్షన్లు వస్తున్నాయి, వర్డ్‌ప్రెస్ నడిచేది దానిమీదే. మీ సర్వర్లో ఉన్న వెర్షన్ పాతదైతే దాన్ని అప్‌డేట్ చేయించండి, అది భద్రతకు అవసరం.

ఇక రియాక్ట్. ఇది తెర మీది భాగాలను కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ పనిముట్టు, ఫేస్‌బుక్ తన అవసరాల కోసం చేసుకుని 2013లో అందరికీ ఇచ్చింది. ఒకే తెర మీద మెసేజ్‌లు, లైక్‌లు, నోటిఫికేషన్లు క్షణక్షణం మారే చోట అది గొప్ప పనిముట్టే. కానీ దాన్ని సాదాగా వాడితే సర్వర్ నుంచి దాదాపు ఖాళీ పేజీ వస్తుంది, తర్వాత జావాస్క్రిప్ట్ దిగి, ఫోన్ లోపల పేజీని కట్టాలి. ఖరీదైన ఫోన్లో ఇది తెలియదు, మీ కొనుగోలుదారుల్లో చాలామంది చేతిలో ఉండే మామూలు ఫోన్లో మాత్రం బాగా తెలుస్తుంది. చీర ఫొటో, ధర, కొలతలు, వాట్సాప్ బటన్ ఉన్న పేజీకి అంత బరువు ఎందుకు?

అలాగే అడ్రస్ బార్‌లో 'నాట్ సెక్యూర్' అని వస్తోందేమో చూసుకోండి. 2018 జులై నుంచి క్రోమ్ హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని మధ్యలో ఎవరూ చదవకుండా పంపే పద్ధతి) లేని ప్రతి సైటుకూ ఆ ముద్ర వేస్తోంది, కొనేవాళ్లు అది చూసి వెనక్కి వెళ్లిపోతారు. దానికి కావాల్సిన సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ద్వారా ఉచితంగా వస్తుంది, దానికి ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: నా వంటల సైటుకు కొత్త టెంప్లేట్ వేయించాను. ఇంగ్లీషులో అందంగా ఉంది. తెలుగులో మాత్రం శీర్షికల్లో ఒత్తులు తెగిపోతున్నాయి, పొడవు పదాలు ఫోన్లో తెర దాటిపోతున్నాయి. టెన్షన్‌గా ఉంది.
– గృహిణి, రాజమహేంద్రవరం

టెన్షన్ వద్దండి, అరగంట పని. టెంప్లేట్లు చేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాన్ని కొలతగా పెట్టుకుని చేస్తారు, దాని కిందకు వేలాడేది తక్కువ. మన 'రాష్ట్రీయ'లో 'ష్ట్రీ' చూడండి, పైన గుడి దీర్ఘం, కింద ట ఒత్తు, దానికి తోడు క్రావడి. వరసల మధ్య దూరం, అంటే లైన్-హైట్, శీర్షికలకు 1.2 అని పెట్టి ఉంటారు, దాన్ని 1.6 చేయండి, మామూలు పాఠానికి 1.8 దాకా వెళ్లినా చదవడానికి హాయిగా ఉంటుంది. శీర్షిక డబ్బాకు ఎత్తు ఇన్ని పిక్సెళ్లని బిగించి ఉంటే ఆ కొలత తీసేయండి, లేకపోతే తెగడం ఆగదు. లెటర్-స్పేసింగ్ ఉంటే సున్నా చేయండి. పొడవు పదాల కోసం ఓవర్‌ఫ్లో-ర్యాప్ అనే గుణం పెడితే తెర అంచున పదం విరిగి కింద వరసలోకి వస్తుంది. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో చెప్పండి, టెంప్లేట్‌లో ఇంగ్లీషు అనే ఉండిపోయి ఉంటుంది, దానివల్ల పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది.

ఫాంట్ల విషయంలో ఒక మాట. మండలి, రామభద్ర, ధూర్జటి, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ఇది మనకు దక్కిన పెద్ద మేలు. అలాగని ఒకే పేజీలో నాలుగైదు వాడొద్దు, తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు ఫాంటు కంటే పెద్దది. శీర్షికకు ఒకటి, పాఠానికి ఒకటి చాలు. పాఠానికి నోటో సాన్స్ తెలుగు లాంటి నిదానమైన అక్షరం తీసుకోండి, అలంకారం ఉన్నవి శీర్షికలకే బాగుంటాయి.

తెలుగును తెర మీద కూర్చడం ఎంత సున్నితమైన పనో పెద్ద కంపెనీలకు కూడా తెలిసొచ్చింది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు చోట డబ్బాలు వచ్చేవి, అప్పుడు ఒపేరా మినీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి భారతీయ లిపుల్ని బొమ్మలుగా పంపమని పెట్టుకుని చదివినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' దెబ్బకు ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయిన సంగతి గుర్తుందా? 'జ్ఞ'కూ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక విభజన గుర్తు చేరినప్పుడు, ఆ వరసను ఎలా గీయాలో ఫోన్‌కు అర్థం కాక, మెసేజ్ తెరిచిన యాప్ మూసుకుపోయేది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. మీ టెంప్లేట్‌లో వచ్చినది అంతకంటే చాలా చిన్న చిక్కు.

ప్రశ్న: 1999లో కాలేజీ స్నేహితులం కలిసి జియోసిటీస్‌లో ఒక పేజీ చేశాం. అది ఎక్కడైనా దొరుకుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, శాన్ హోసే

దొరికే అవకాశం ఉంది. ఎవరైనా ఉచితంగా సొంత పేజీ పెట్టుకోగలిగిన జియోసిటీస్‌ను యాహూ 1999లో కొని, 2009 అక్టోబరులో మూసేసింది. మూసేముందు ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం వీలైనన్ని పేజీలు కాపీ చేసి పెట్టింది, పాత వెబ్ పేజీల కాపీలు దాచే, ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్ కూడా చాలా దాచింది. అయితే వేబ్యాక్ మెషీన్‌లో వెతకాలంటే పాత చిరునామా కచ్చితంగా తెలియాలి. జియోసిటీస్‌లో అప్పట్లో పేటలు ఉండేవి, కంప్యూటర్ల గురించి రాసేవాళ్లకు సిలికాన్ వ్యాలీ, సినిమాలకు హాలీవుడ్, అలా పేట పేరు, దాని తర్వాత ఇంటి నంబర్ లాంటి ఒక అంకె, ఇదీ చిరునామా. పేట గుర్తుండి అంకె గుర్తులేకపోతే, మీ బ్యాచ్‌లో ఎవరిదైనా పాత ఈమెయిల్ ఖాతా తెరిచి జియోసిటీస్ అని వెతకమనండి, మెయిల్ కింద సంతకంలో సొంత పేజీ అడ్రస్ పెట్టుకోవడం అప్పట్లో అందరికీ ఉన్న అలవాటు. పేజీ దొరికితే ఒకటి రెండు వేర్వేరు తేదీల కాపీలు తెరిచి చూడండి, ఒకదాంట్లో లేని ఫొటో ఇంకోదాంట్లో ఉండొచ్చు.